పిన్ని ఫోన్లో వెలిగిన దీపం నా కంప్యూటర్లో డబ్బా ఎందుకయింది?

పర్లాకిమిడిలో పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే మా డీటీపీ దుకాణం బల్ల మీద రెండు లిపుల శుభలేఖలు కలగలిసిపోయి ఉంటాయి. ఆడపెళ్లివారిది తెలుగు, మగపెళ్లివారిది ఒడియా. కొందరైతే ఒకే కార్డుకు ఒకవైపు ఇదీ రెండోవైపు అదీ కావాలంటారు. మహేంద్రతనయ ఏరు దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. ఇవతల ఒడిశాలో మేము. ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా, బజారులో ఏది నోటికొస్తే అది. ఇలాంటి ఊళ్లో దుకాణం పెట్టుకున్నవాడికి లిపులంటే భయం ఉండదు. అయినా కొన్నేళ్ల కిందట ఒక శుభలేఖ దగ్గర నేను బోల్తా పడ్డాను.

మా వీధి పిన్ని ఒకావిడ కూతురి పెళ్లి మేటర్‌ను వాట్సాప్‌లో పంపింది. వధూవరుల పేర్ల మధ్య ఎర్రటి హృదయం, పైన దీపం, చివర నమస్కారం చేతులు. అచ్చం అలాగే రావాలంది. కాపీ చేసి మా పాత డీటీపీ సాఫ్ట్‌వేర్‌లో అతికిస్తే అంతా ప్రశ్నార్థకాలే. అది నేను ఊహించిందే. ఇంకో కొత్త సాఫ్ట్‌వేర్‌లో అతికించాను. తెలుగు చక్కగా వచ్చింది. హృదయం మాత్రం నల్లగా వచ్చింది. దీపం ఉండాల్సిన చోట ఖాళీ డబ్బా.

"పిన్నీ, దీపం రావట్లేదు" అని ఫోన్ చేశాను.

"నా ఫోన్లో వెలుగుతోంది కదా బాబూ!"

ఆవిడ అబద్ధం చెప్పలేదు. నా కంప్యూటరూ పాడవలేదు. ఎమోజీని మనం బొమ్మ అనుకోవడంలో ఉంది చిక్కంతా. నిజానికి అది అక్షరం. తెలుగు 'క' ఎలాంటిదో అదీ అలాంటిదే, 'క' పడిన కష్టాలన్నీ అదీ పడుతుంది. రెండు మూడు లిపులతో రోజూ కుస్తీ పట్టే మనలాంటి సరిహద్దువాళ్లకు ఈ సంగతి అందరికంటే తొందరగా అర్థమవుతుందని నా నమ్మకం.

ప్రయాణించేది నంబరు

ఫోటో పంపితే అందులోని చుక్కచుక్కా అవతలి ఫోనుకు చేరుతుంది. ఎమోజీ పంపితే చేరేది ఒక నంబరు. ఆ నంబరుకు ఏ రూపం గీయాలో అవతలి యంత్రం తన దగ్గరున్న ఫాంటును అడుగుతుంది. ఫాంటులో ఉంటే గీస్తుంది. లేకపోతే డబ్బా పెట్టి ఊరుకుంటుంది. పిన్ని ఫోన్లోని ఫాంటుకు దీపం తెలుసు, నా కంప్యూటర్లోని ఫాంటుకు తెలియదు. మా మధ్య నడిచింది దీపం నంబరే.

ఈ డబ్బాలకు ఫాంట్లు తయారుచేసేవాళ్లు పెట్టుకున్న ముద్దుపేరు 'టోఫు'. సోయా పాలతో చేసే తెల్లటి పన్నీరు ముక్కలా కనిపిస్తాయని. గూగుల్ తన ఉచిత ఫాంట్ల కుటుంబానికి 'నోటో' అని పేరు పెట్టింది కూడా 'నో టోఫు', అంటే ఇక డబ్బాలుండవు అన్న ఉద్దేశంతోనే.

నంబర్లు పంచే పట్టిక యూనికోడ్. అందులో తెలుగు 'క' నంబరు 3093. ఒడియా 'క' 2837. మరాఠీ, హిందీ రాసే దేవనాగరి 'క' 2325. మూడింటినీ 256తో భాగించి చూడండి, ప్రతిసారీ శేషం 21 మిగులుతుంది. 'ఖ'తో చేస్తే 22. ఇది గారడీ కాదు. మన దేశంలో 1980లలో తయారైన 'ఇస్కీ' అనే కోడు భారతీయ లిపులన్నిటినీ ఒకే వరసలో పేర్చింది. యూనికోడ్ ఆ వరసను అలాగే తీసుకుని, ఒక్కో లిపికి 128 గదుల వాడ కట్టింది. ఒడియా వాడకూ తెలుగు వాడకూ మధ్య తమిళ వాడ ఒక్కటే అడ్డం. భూమ్మీద మనకు ఏరు అడ్డమున్నట్టు.

ఎమోజీలకూ అలాంటి నంబర్లే. కన్నీళ్లొచ్చేలా నవ్వే ముఖం 128514. పిన్ని పెట్టిన నమస్కారం చేతులు 128591. తెలుగు నంబర్లు వేలల్లో ఉంటే ఇవి లక్ష దాటి ఎందుకున్నాయన్నది మంచి ప్రశ్న. దానికి కాసేపట్లో వస్తాను, ఎందుకంటే మన కొండల కథ అక్కడే ఉంది.

ఎమోజీల మీద ఇంత పెద్ద వ్యాసం రాస్తూ ఒక్క ఎమోజీ కూడా ఎందుకు పెట్టలేదని మీకు అనుమానం రావచ్చు. నేను పెట్టేదొకటి, మీ తెర మీద కనిపించేదొకటి కావచ్చు. అందుకే మాటల్లో చెబుతున్నాను.

ముందు చేతికి పని

ఫోన్లో ఎమోజీ పెట్టడం పసిపిల్లలకూ వచ్చు. కంప్యూటర్ ముందు కూర్చుంటే పెద్దవాళ్లు కూడా తడబడతారు. మీటల మీద నవ్వు ముఖం ఉండదు మరి.

విండోస్‌లో అయితే, రాయాల్సిన చోట ఒకసారి క్లిక్ చేసి, విండోస్ గుర్తున్న మీటను పట్టుకుని ఫుల్‌స్టాప్ మీట నొక్కండి. చిన్న పలక తెరుచుకుంటుంది. ఫుల్‌స్టాప్ బదులు సెమీకోలన్ నొక్కినా వస్తుంది. విండోస్ 10లో 2017లో వచ్చిన అప్‌డేట్ నుంచి ఈ సదుపాయం ఉంది. వందల బొమ్మల్లో వెతుక్కోనక్కర్లేదు, పలక తెరిచి ఇంగ్లీషులో 'హార్ట్' అనో 'ల్యాంప్' అనో టైపు చేస్తే సంబంధించినవే మిగులుతాయి. మ్యాక్‌లో కంట్రోల్, కమాండ్, స్పేస్ మూడూ కలిపి. క్రోమ్‌బుక్‌లో సెర్చ్, షిఫ్ట్, స్పేస్. లైనక్స్‌లో గ్నోమ్ అనే డెస్క్‌టాప్ వాడేవాళ్లకు చాలా ప్రోగ్రాముల్లో కంట్రోల్ పట్టుకుని ఫుల్‌స్టాప్. మా ఊరి దుకాణాల్లో ఇంకా ఊపిరితో ఉన్న విండోస్ 7 యంత్రాల్లో ఈ పలక లేదు. ఎక్కణ్నుంచైనా కాపీ చేసి అతికించుకోవడమే గతి.

రెండు చుక్కలు, గీత, మూసే బ్రాకెట్ కొట్టి నవ్వు ముఖం చేసుకునే పాత పద్ధతి ఇంకా బతికే ఉంది. అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో స్కాట్ ఫాల్‌మన్ 1982లో దాన్ని ప్రతిపాదించారు, హాస్యానికి రాసింది హాస్యమని తెలియడానికి. వర్డ్, అవుట్‌లుక్ లాంటివి ఆ మూడు గుర్తులనూ చూసి వాటంతటవే నవ్వు ముఖంగా మార్చేస్తాయి. ఆఫీసు మెయిళ్లలో వాక్యం చివర ఉత్తి పుణ్యానికి ఇంగ్లీషు అక్షరం 'జె' కనిపించడం మీరూ చూసే ఉంటారు. పంపినవాళ్ల పేరు జగన్నాథమో జానకో అయి ఉంటుందని మా బావ చాన్నాళ్లు నమ్మాడు. అసలు సంగతి వేరు. ఆ ప్రోగ్రాములు పెట్టింది అసలు ఎమోజీని కాదు. 'వింగ్‌డింగ్స్' అనే బొమ్మల ఫాంటులో 'జె' అక్షరం ఉండే చోట నవ్వు ముఖం గీసి ఉంటుంది. మెయిల్ వేరే చోట తెరుచుకుని ఆ ఫాంటు దొరక్కపోతే ముసుగు జారి 'జె' బయటపడుతుంది.

డీటీపీ చేసినవాడెవడికైనా ఈ కథ వినగానే నవ్వొస్తుంది. మన పాత తెలుగు ఫాంట్లన్నీ ఇదే వేషం వేశాయి. లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాల నంబర్లే, పైన గీసింది తెలుగు. ఆ ఫాంటు ఉన్నంతసేపూ తెలుగే. ఫైలును పాతపట్నం పట్టుకెళ్లి ఇంకో దుకాణంలో తెరిస్తే పిచ్చి గీతలు. ఇరవై ఏళ్ల కిందట మేము ఫైలుతో పాటు ఫాంటును కూడా డిస్కులో వేసుకుని తిరిగేవాళ్లం. యూనికోడ్ తెలుగుకు చేసిన మేలు ఏమిటంటే 'క'కు సొంత నంబరు ఇవ్వడం. నవ్వు ముఖానికి చేసిందీ అంతే.

జపాను వాళ్లు పేరులోనే చెప్పారు

'ఎమోజీ'లో 'ఎమోషన్' లేదు. జపాను భాషలో 'ఎ' అంటే బొమ్మ, 'మోజి' అంటే అక్షరం. బొమ్మక్షరం. ఇంగ్లీషు మాటతో పోలిక కాకతాళీయం. అక్కడి ఫోను కంపెనీలు 1990లలోనే వీటిని మొదలుపెట్టాయి. డోకోమో కంపెనీ కోసం షిగెటాకా కురిటా 1999లో చేసిన 176 బొమ్మలు అన్నిటికంటే పేరు పొందాయి. ఒక్కోటీ నిలువు 12, అడ్డం 12 చుక్కలు మాత్రమే. మా ఇంటి ముందు సంక్రాంతి ముగ్గుకే అంతకంటే ఎక్కువ చుక్కలు పెడతారు. ఆ 176 ఇప్పుడు న్యూయార్క్ ఆధునిక కళల మ్యూజియంలో ఉన్నాయి.

అయితే ఒక్కో కంపెనీకి ఒక్కో నంబర్ల పట్టిక. ఈ కంపెనీ ఫోనులో పంపిన సూర్యుడు ఆ కంపెనీ ఫోనులో ఇంకేదో అయ్యేవాడు. మన పాత ఫాంట్ల గొడవే ఇది. 2010లో యూనికోడ్ 6.0 వాటన్నిటికీ ఉమ్మడి నంబర్లు ఇచ్చాక గానీ ఎమోజీ జపాను దాటి ప్రపంచం మీద పడలేదు. 2015కల్లా ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు వాళ్లు ఆ ఏటి మాటగా ఒక మాటను కాకుండా కన్నీళ్ల నవ్వు ముఖాన్ని ఎంచుకున్నారు.

మేడ మీద కాపురం

ఇప్పుడు లక్ష దాటిన నంబర్ల సంగతి.

యూనికోడ్‌ను మొదట రూపొందించినప్పుడు 65,536 గదులు చాలనుకున్నారు. తెలుగు, ఒడియా, దేవనాగరి, తమిళం అన్నీ ఆ కింది అంతస్తులోనే సర్దుకున్నాయి. తర్వాత చోటు చాలదని తెలిసి పైన మరో 16 అంతస్తులు వేశారు. మొత్తం 11 లక్షల పైచిలుకు గదులు. ఎమోజీలు ఎక్కువభాగం మొదటి మేడ మీద కాపురం పెట్టాయి.

చిక్కేమిటంటే, చాలామంది ప్రోగ్రామర్లు మేడ ఉన్న సంగతే పట్టించుకోలేదు. ఈ నంబర్లను కంప్యూటర్లో దాచడానికి వాడే యూటీఎఫ్8 అనే పద్ధతిలో కింది అంతస్తులోని తెలుగు అక్షరం 3 బైట్లు, అంటే 3 చిన్న అరలు, తీసుకుంటుంది. మేడ మీది ఎమోజీకి 4 కావాలి. లెక్కలేనన్ని వెబ్‌సైట్ల వెనక నడిచే మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేసులో 'యూటీఎఫ్8' అని పేరు పెట్టిన పద్ధతి నిజానికి 3 బైట్లకు మించి దాచుకోలేదు. పేరు గంగానమ్మ, తాగబోతే నీళ్లు లేవు. అలాంటి చోట తెలుగులో ఎంతైనా రాయండి, బాగానే ఉంటుంది. మధ్యలో ఒక నవ్వు ముఖం పెట్టారా, ఒప్పుకోకుండా మొండికేస్తుంది, లేదా ఆ ముఖం దగ్గర్నుంచి మిగతా మేటరంతా తెగ్గోసేస్తుంది. దీనికి విరుగుడుగా 4 బైట్ల పద్ధతి 2010లో వచ్చింది. అదే మామూలు పద్ధతిగా మారడానికి 2018లో మైఎస్‌క్యూఎల్ 8.0 వెర్షన్ దాకా ఆగాల్సొచ్చింది. ఈ రోజుకీ ఏదైనా ఫారంలో ఎమోజీ పెట్టగానే ఎర్రర్ వస్తే, ఆ ప్రోగ్రాము ఇంకా మేడ ఎక్కలేదని అర్థం.

ఇక్కడే మన కొండలొస్తాయి. మా ఊరికి పైన, గుణుపురం వైపు సవరలు ఉంటారు. వాళ్ల భాషకు 1936లో మంగేయ్ గొమాంగో 'సోరా సొంపెంగ్' అనే సొంత లిపి సృష్టించారు. ఒడిశా ప్రత్యేక రాష్ట్రమై, మా ఊరు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఇటు వచ్చిన సంవత్సరం కూడా అదే. అంతకుముందే గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ సవర భాష నేర్చుకుని, దానికి వ్యాకరణమూ నిఘంటువూ రాశారు. తెలుగువాళ్లకు ఆయన వాడుక భాష కోసం పోరాడిన మనిషిగా గుర్తు, మా వైపు ఇదీ గుర్తు.

సోరా సొంపెంగ్‌కు 2012లో యూనికోడ్‌లో చోటు దొరికింది. ఎక్కడ? మేడ మీద, 69840వ గది నుంచి. ఆదిలాబాదు జిల్లా గుంజాలలో బయటపడిన గోండి లిపికీ 2018లో మేడ మీదే ఇల్లు. కింద ఖాళీలు అయిపోయాయి మరి.

కొన్ని వేలమంది రాసే లిపి కోసం ప్రపంచంలోని ప్రోగ్రాములన్నిటినీ సరిచేయమంటే ఏ కంపెనీ వింటుంది? పండితులు చాలాకాలం అడిగారు, పెద్దగా కదలిక లేదు. ఎప్పుడైతే మామూలు జనం 'నా నవ్వు ముఖం ఎందుకు డబ్బా అయింది' అని చిరాకుపడటం మొదలుపెట్టారో అప్పుడు అందరూ హడావిడిగా మేడ మెట్లు బాగుచేశారు. ఎమోజీ నడవడానికి వేసిన మెట్ల మీదే ఇవాళ సవర అక్షరం, గోండి అక్షరం నడుస్తున్నాయి. ఎమోజీలు భాషను పాడుచేస్తున్నాయని వాపోయే పెద్దలు మా ఊళ్లో కూడా ఉన్నారు. వాళ్లకు నేను చెప్పే జవాబు ఇదొక్కటే.

వొత్తులు, గుణింతాలు

'స్త్రీ' అని రాయండి. కంటికి ఒక్క అక్షరం. కంప్యూటరుకు ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. వరసగా నిల్చున్న ఆరింటినీ ఫాంటు కలిపి ఒక్క రూపంగా గీస్తుంది. చివర బ్యాక్‌స్పేస్ నొక్కితే మొత్తం పోదు, ముందు దీర్ఘం ఊడుతుంది.

అమ్మ, నాన్న, పాప, బాబు ఉన్న కుటుంబం ఎమోజీ కూడా ఇంతే. కంటికి ఒకటి, లోపల ఏడు: నలుగురు మనుషులు, వాళ్ల మధ్య మూడు కనిపించని అతుకులు. ఆ అతుకు నంబరు 8205. దాన్ని అర్థం చేసుకోలేని పాత యంత్రం నలుగురినీ విడివిడిగా నిలబెడుతుంది, పొల్లును ఎలా కలపాలో తెలియని యంత్రం 'స్త్రీ'ని ముక్కలు చేసినట్టు. కొన్ని ప్రోగ్రాముల్లో బ్యాక్‌స్పేస్ ఒక్కసారి నొక్కితే కుటుంబం మొత్తం పోతుంది, కొన్నిట్లో ఒక్కొక్కరే ఇల్లు వదిలి వెళ్తారు.

ఆ అతుకుకు తోబుట్టువు పక్క గదిలో ఉంది, నంబరు 8204. దాని పని ఎదురు, అంటుకోకుండా విడదీయడం. తెలుగు టైపు చేసేవాళ్లకు ఇది పాత చుట్టమే. 'సాఫ్ట్‌వేర్' అని రాసేటప్పుడు 'ట'కు 'వ' వొత్తు పడకుండా అడ్డుపెట్టేది ఇదే. 2018 ఫిబ్రవరిలో ఒక్క తెలుగు అక్షరం ఐఫోన్లను కూలదోసిందని ప్రపంచమంతా వార్తలొచ్చాయి, గుర్తుందా? 'జ్ఞా' అది. 'జ్ఞ'కూ దీర్ఘానికీ మధ్య ఈ కనిపించని 8204 దూరిన రూపాన్ని గీయలేక ఆ ఫోన్ల సాఫ్ట్‌వేర్ చతికిలపడింది. యాపిల్ కొద్దిరోజుల్లోనే సరిచేసిందనుకోండి. తెలుగు మాస్టారు క్లాసులో 'జ్ఞానం' రాయలేని పిల్లవాణ్ని తిట్టినట్టు ఆ ఫోన్లను తిట్టాలనిపించింది నాకు.

చర్మం రంగులు 2015లో వచ్చాయి. పసుపు చెయ్యి పక్కన ఐదు ఛాయల్లో ఒకదాని నంబరు నిలబెడితే చెయ్యి రంగు మారుతుంది. గుణింతం పక్కన పెట్టడమే.

పిన్ని హృదయం నల్లబడటానికి కారణం కూడా ఈ పక్కన నిలబడేవాళ్లలోనే దొరికింది. ఆ హృదయం 10084వ నంబరు. ఎమోజీలు రాకముందు నుంచీ కింది అంతస్తులో ఉన్న పాత అచ్చు గుర్తు. దాని అసలు పేరులోనే 'బ్లాక్' అని ఉంది. దాన్ని ఎర్రగా చూపించమని చెప్పడానికి వెనకాల 65039 అనే మరో కనిపించని నంబరు రావాలి. ఫోను రెండూ పంపింది. మేటర్ ఒక ప్రోగ్రాము నుంచి ఇంకోదానికి మారేటప్పుడు ఆ వెనకది దారిలో రాలిపోయింది. మిగిలింది నల్లగుండె.

పంద్రాగస్టు ఫ్లెక్సీల సమయంలో ఇంకో ఫిర్యాదు వస్తుంది, జెండా రాలేదని. జెండా ఎమోజీ అంటే రెండు ప్రత్యేక అక్షరాలు, ఐ, ఎన్. రెండూ పక్కపక్కనే కనిపిస్తే ఫాంటు మూడురంగుల జెండా గీయాలి. విండోస్ సొంత ఎమోజీ ఫాంటులో దేశాల జెండాలు పెట్టలేదు. అందుకని మన జెండా బదులు ఆ రెండు అక్షరాలే బోడిగా నిలబడతాయి. మీ కంప్యూటర్ని అనుమానించకండి.

దీపం ఎందుకు రాలేదంటే

నూనె దీపం, చీర, ఆటో, గుడి, ఈ నాలుగూ 2019లో ఒకే జట్టులో ఎమోజీలయ్యాయి. అప్పటిదాకా జపాను డబ్బా భోజనానికి కూడా ఎమోజీ ఉంది గానీ మన ఆటోకు లేదు. కొత్త ఎమోజీ కావాలంటే ఎవరైనా యూనికోడ్ సంస్థకు రాతపూర్వకంగా ప్రతిపాదన పంపొచ్చు. ఎక్కువమంది వాడతారని, ఉన్నవాటితో ఆ పని జరగదని చూపించాలి. ఒప్పుకున్నాక కూడా ఫోన్ల కంపెనీలు, కంప్యూటర్ కంపెనీలు ఎవరి బొమ్మ వాళ్లు గీసుకుని అప్‌డేట్‌లో పంపాలి. పిన్ని ఫోను కొత్తది. నా కంప్యూటర్ విండోస్‌ను 2019కి ముందు దశలోనే నేను ఆపేశాను, అప్‌డేట్ చేస్తే ప్రింటర్ మొరాయిస్తుందన్న టెన్షన్‌తో. దీపానికి నంబరు పుట్టకముందే నా ఫాంటు పుట్టింది.

మరి కార్డు ఏం చేశాను? నమస్కారం చేతులు తెర మీద రంగుల్లో వచ్చినా అచ్చుకు పంపితే కొన్నిసార్లు నల్ల గీతలుగా వస్తాయి. మామూలు ఫాంటులో అక్షరానికి ఆకారమే ఉంటుంది, రంగు మనం పోస్తాం. ఎమోజీ ఫాంటులో రంగులు లోపలే ఉంటాయి, వాటిని చదవడం అన్ని అచ్చు ప్రోగ్రాములకూ రాదు. అందుకే శుభలేఖలో, ఫ్లెక్సీలో ఎమోజీని అక్షరంగా వాడటం నేను మానేశాను. అదే బొమ్మను చిత్రంగా తెచ్చి పెడతాను. తీసుకునేటప్పుడు ఒక జాగ్రత్త. నంబరు అందరిదీ, బొమ్మ మాత్రం గీసినవాళ్లది. యాపిల్ బొమ్మలు యాపిల్ సొత్తు. గూగుల్ నోటో ఎమోజీ బొమ్మలు, ట్విట్టర్ ఒకప్పుడు విడుదల చేసిన ట్వెమోజీ బొమ్మలు ఉచిత లైసెన్సుతో ఉన్నాయి, షరతులు చదువుకుని వాడుకోవచ్చు. పిన్ని కార్డుకు మాత్రం ఆవిడ దేవుడి గదిలోని ఇత్తడి కుందినే ఫోటో తీసి పెట్టాను. కార్డు చూసి ఆవిడ మురిసిపోయింది.

మామూలు ఎస్ఎంఎస్ పంపేవాళ్లకు ఒక మాట. ఉత్త ఇంగ్లీషు మెసేజీలో 160 అక్షరాలు పడతాయి. అందులో ఒక్క ఎమోజీ గానీ ఒక్క తెలుగు అక్షరం గానీ చేరితే మొత్తం మెసేజీకి పద్ధతి మారిపోయి 70కి పడిపోతుంది. వంద అక్షరాల ఇంగ్లీషు మెసేజీ చివర ఒక పువ్వు పెడితే లెక్కలో రెండు మెసేజీలు. టోకున వెయ్యిమందికి పంపే ట్యూషన్ సెంటరు వాళ్లకు ఆ పువ్వు ఖరీదు తెలుసు.

ఇంకొకటి, మనం మరచిపోయేది. కళ్లు కనిపించనివాళ్లకు తెర మీదున్నది చదివి వినిపించే ప్రోగ్రాములు ఎమోజీని దాని పేరుతో చదువుతాయి. మీరు సరదాగా పన్నెండు చప్పట్లు పెడితే అవతలి మనిషి 'చప్పట్లు కొట్టే చేతులు' అని పన్నెండుసార్లు వినాలి. ఒకటి చాలు.

బొటనవేలు

నంబరు అందరికీ ఒకటే అయినా అర్థం అలా కాదు. బొమ్మ కూడా కాదు. తుపాకీ ఎమోజీని యాపిల్ 2016లో నీళ్ల తుపాకీగా మార్చింది. మిగతా పెద్ద కంపెనీలు అదే దారి పట్టడానికి 2018 దాకా పట్టింది. ఆ మధ్యకాలంలో ఒకరు హోలీ ఆట అనుకుని పంపింది ఇంకొకరికి అసలు తుపాకీగా చేరేది. నమస్కారం చేతుల్ని విదేశాల్లో కొందరు ఇద్దరు చేతులు చరుచుకోవడం అనుకుంటారట. మనకు ఆ సందేహం ఏ జన్మలోనూ రాదు.

నన్ను దెబ్బకొట్టింది మాత్రం బొటనవేలు. ఒకాయనకు ప్రూఫ్ పంపాను. ఆయన బొటనవేలు పైకెత్తిన గుర్తు పెట్టాడు. అయిదొందల కార్డులు అచ్చు కొట్టేశాను. తీరా చూస్తే కల్యాణ మండపం పేరు తప్పు. "చూశానని పెట్టానయ్యా, బాగుందని ఎప్పుడన్నాను?" అన్నాడు. కాగితం ఖర్చు సగం నా నెత్తిన పడింది.

కెనడాలో ఇదే గుర్తు మీద కోర్టు దాకా వెళ్లారు. అవిసె గింజలు అమ్మే ఒప్పందాన్ని కొనుగోలుదారు ఫోన్లో పంపితే, రైతు బొటనవేలు పెట్టాడు. గింజలు ఇవ్వలేదు. ఒప్పందం అందిందని మాత్రమే ఆ వేలు పెట్టానన్నాడు రైతు. సస్కాచెవాన్ రాష్ట్ర న్యాయస్థానం 2023లో ఆ వేలు సంతకంతో సమానమని తేల్చి, 82,000 డాలర్లకు పైగా కట్టమంది. ఆ వార్త చదివిన రోజు కార్డులు వేయించుకున్న ఆ పెద్దమనిషిని పిలిచి చూపిద్దామనుకున్నాను, కానీ వాళ్లింట్లో ఇంకో పెళ్లికి ఎదిగిన పిల్ల ఉంది, గిరాకీ పోగొట్టుకోవడం ఎందుకు.

అప్పట్నుంచీ ప్రూఫ్ కింద ఒక వాక్యం రాసి పంపుతున్నాను: 'అన్నీ సరిచూశాను, అచ్చు వెయ్యండి అని అక్షరాలతో రాసి పంపగలరు.' మొన్న ఆయనే రెండో పిల్ల పెళ్లికి వచ్చాడు. ప్రూఫ్ చూసి ఆ వాక్యాన్ని పొల్లుపోకుండా టైపు చేసి పంపి, చివర బొటనవేలు కూడా పెట్టాడు.